పిన్యావ్ రైల్వే స్టేషను: కట్టడం, చరిత్ర, నీలి పలకల గోడలు – తరచుగా అడిగే ప్రశ్నలు

పిన్యావ్ ఎక్కడుంది? అంత చిన్న ఊరి స్టేషను గురించి ఇంత చెప్పుకోవడం ఎందుకు?

పోర్చుగల్ ఉత్తరాన, దౌరు నది ఒడ్డున, పిన్యావ్ అనే చిన్న ఏరు వచ్చి దౌరులో కలిసే చోట ఉన్న పల్లె ఇది. విలా రియాల్ జిల్లా, అలిజో మండలం కిందికి వస్తుంది. పోర్టో నగరం నుంచి రైలుదారిన సుమారు 125 కి.మీ. చుట్టూ నిటారు కొండలు. వాటి మీద మెట్లుమెట్లుగా కట్టిన ద్రాక్షతోటలు. పోర్ట్ వైన్ పుట్టేది ఈ లోయలోనే. ఫలానా హద్దుల లోపల పండిన ద్రాక్షతో చేసిందే ఈ పేరుతో అమ్మాలి అని 1756లోనే ఇక్కడ గీత గీశారు. 2001లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

స్టేషను పేరు బయటికి పాకింది మాత్రం గోడలకున్న నీలి పలకల బొమ్మల వల్ల. అయితే ఫొటోలు చూసి వెళ్ళేవాళ్ళలో చాలామంది పలకలు చూసి, భవనం చూడకుండా వెనక్కి వచ్చేస్తారు. ఈ గోడ మీద రెండు కాలాలున్నాయి. గోడ 19వ శతాబ్దపుది, దాని మీది పలక 1937 నాటిది. ఆ రెండింటినీ విడివిడిగా చదవగలిగితేనే ఈ స్టేషను అర్థమవుతుంది. కింది జవాబులన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

ఈ పేర్లు ఎలా పలకాలి?

పిన్యావ్ చివర ‘యావ్’ కొంచెం ముక్కుతో పలుకుతుంది. నదిని ఇంగ్లీషు వాసనతో ‘డౌరో’ అంటుంటారు. అక్కడివాళ్ళ నోట అది ‘దౌరు’. పలకల్ని ‘అజులేజు’ అంటారు. ఈ మాటలో ‘అజుల్’ అంటే నీలం ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చాలాచోట్ల రాస్తుంటారు, అది తప్పు. అరబ్బీలో నున్నగా మెరిసే చిన్న రాయికి వాడే ‘అజ్జులైజ్’ అనే మాట నుంచి వచ్చింది. పచ్చదైనా, పసుపుదైనా, గోడకు అతికించే పూత పలక ఏదైనా అజులేజే.

రైలు ఇక్కడికి ఎప్పుడు వచ్చింది?

1880 జూన్ 1న. కానీ ఆ తేదీ ఒక్కటే చెబితే కథ సగమే. దౌరు లైను ముక్కలు ముక్కలుగా తెరిచిన లైను. పోర్టో పక్కనున్న ఎర్మెజింద్ నుంచి మొదటి ముక్క 1875లో మొదలైంది. రేగ్వా పట్టణానికి 1879 జూలైలో రైలు చేరింది. అక్కడినుంచి పిన్యావ్‌కు సుమారు 23 కి.మీ. మాత్రమే, అయినా అదీ రెండు విడతల్లో 1880లో పూర్తయింది. తర్వాత మూడేళ్ళ పాటు పిన్యావే లైను చివరి స్టేషను. 1883 సెప్టెంబరులో తువా వరకు, 1887 జనవరిలో పుసీన్యు వరకు, అదే ఏడాది డిసెంబరు 9న స్పెయిన్ సరిహద్దులోని బార్కా దాల్వా వరకు పట్టాలు వెళ్ళాయి.

ఆ మూడేళ్ళను తేలిగ్గా తీసుకోకండి. లైను చివరి స్టేషను అంటే పైలోయ సరుకంతా దిగేదీ, ఎక్కేదీ అక్కడే. నాలుగిళ్ళ రేవుగా ఉన్న పిన్యావ్ వైను వ్యాపారపు కూడలిగా మారడానికి రైలే కారణం.

లైను కట్టింది ప్రైవేటు కంపెనీ కాదు, ప్రభుత్వం. మిన్యు, దౌరు లైన్లు రెండూ ప్రభుత్వ రైల్వే కింద నడిచాయి. 1927లో వాటిని పోర్చుగీసు రైల్వే కంపెనీకి నడపడానికి అప్పగించారు. పదేళ్ళ తర్వాత గోడలకు పలకలొచ్చాయి. 

అంత కష్టపడి ఆ కొండల్లోకి రైలెందుకు వేశారు?

మొదటి కారణం వైను. అంతకుముందు పీపాలు నది మీదే దిగేవి. ‘రబేలు’ అనే చదును అడుగు పడవకు ఒకే చదరపు తెరచాప ఉండేది, వెనక మనిషి నిలబడి తిప్పే పొడవాటి చుక్కాని తెడ్డు ఉండేది. ఒక్కో పీపాలో సుమారు 550 లీటర్లు. ఆనకట్టలు లేని ఆ రోజుల్లో దౌరు నది రాళ్ళతో, సుడులతో పరుగెత్తేది. 1861లో వలైరా జలపాతం దగ్గర పడవ తిరగబడి వైను వ్యాపారి బారన్ ఫారెస్టర్ చనిపోయాడు. ఈ నదికి వివరమైన పటం గీసినవాడే ఆయన. అంత తెలిసిన మనిషినే నది మింగిందంటే సరుకు పంపేవాళ్ళకు ఎంత గుబులుండేదో ఊహించుకోవచ్చు.

రెండో కారణం స్పెయిన్. సాలమాంకా వైపు లైను కలిస్తే ఆ సరుకు కూడా పోర్టో రేవుకే వస్తుందని ఆశపడ్డారు. పోర్టో బ్యాంకులు స్పెయిన్ వైపు లైనుకు కూడా డబ్బు పెట్టాయి. అనుకున్నంత సరుకు రాలేదు, బ్యాంకులు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

రైలు వచ్చేనాటికి లోయ పరిస్థితి కూడా బాగాలేదు. 1860లలో ఫిలాక్సెరా అనే వేరుపేను పట్టి తోటలు ఎండిపోయాయి. ఆ తర్వాత అమెరికా జాతి వేరుమొదలు మీద అంటుకట్టి తోటల్ని మళ్ళీ నిలబెట్టారు.

పట్టాల వెడల్పు మన బ్రాడ్‌గేజేనా?

దాదాపు. మన బ్రాడ్‌గేజి 1676 మి.మీ., పోర్చుగల్, స్పెయిన్‌లది 1668 మి.మీ. తేడా 8 మిల్లీమీటర్లే. మన ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళకు పిన్యావ్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే పట్టాల మధ్య దూరం అలవాటైనట్టే కనిపించడానికి కారణం అదే. పోర్చుగల్ మొదటి లైను (లిస్బన్–కర్రెగాదు, 1856) వేసింది మాత్రం 1435 మి.మీ. గేజి మీద. స్పెయిన్‌తో కలవాలి కాబట్టి తర్వాత దాన్ని మార్చారు.

దౌరు లైను నుంచి పక్క లోయల్లోకి చీలిన తమేగా, కోర్గు, తువా, సబోర్ లైన్లన్నీ మీటరుగేజివి. సరుకు ఒక బండిలోంచి దించి మరో బండిలోకి ఎక్కించాల్సి వచ్చేది. గుంతకల్లు చుట్టుపక్కల మీటరుగేజి రోజులు చూసినవాళ్ళకు ఆ తంటా విడమర్చి చెప్పక్కర్లేదు.

స్టేషను భవనం ఎలా ఉంటుంది? దాన్ని ఏ వరసలో చూడాలి?

ముందు పలకల్ని మనసులో చెరిపేసి చూడండి. మిగిలేది తెల్ల సున్నపు గోడల రెండంతస్తుల భవనం. అలంకారం చాలా తక్కువ. ప్రభుత్వ ఇంజనీర్లు ఒకే రకం నమూనాను స్టేషను తరగతిని బట్టి పెంచుతూ, తగ్గిస్తూ లైను పొడుగునా కట్టుకుంటూ పోయారు. కాబట్టి కింది అంశాలు ఈ లైనులో ఏ పాత స్టేషనులోనైనా వెతకొచ్చు.

తలుపుల లెక్క: కింది అంతస్తులో ప్లాట్‌ఫారం వైపు, ఊరివైపు తలుపులు ఎదురెదురుగా ఉంటాయి. ఊరివైపు తలుపులో దూరి, హాల్లో టికెట్ తీసుకుని, ఎదుటి తలుపులోంచి నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాలి. భవనం జనాన్ని వడకట్టే జల్లెడలా పనిచేస్తుంది. టికెట్ లేకుండా బండి దగ్గరకు చేరకూడదన్నదే నమూనా వెనకున్న ఆలోచన.

గదులు: మధ్యన హాలు, టికెట్ కిటికీ. ఒక పక్క తరగతుల వారీగా వెయిటింగ్ రూములు, రెండో పక్క స్టేషను మాస్టరు గది, టెలిగ్రాఫు, సామాన్ల గది. పై అంతస్తు స్టేషను మాస్టరు కుటుంబం కాపురముండే ఇల్లు. పై కిటికీలు కింది తలుపుల కంటే చిన్నవిగా, ఇంటి కిటికీల్లా ఉండడానికి కారణం అదే.

రాయి: ద్వారబంధాలకు, కిటికీల చుట్టూ, గోడ మూలలకు చెక్కిన గ్రానైటు వాడతారు. మిగతా గోడ ముతక రాతికట్టు, పైన సున్నపు గిలాబా. నిజానికి పిన్యావ్ చుట్టుపక్కల దొరికేది పలకలుగా చీలే రాయి. ద్రాక్షతోటల మెట్లగోడలు సున్నం లేకుండా కట్టింది దాంతోనే. కానీ దాన్ని మూలమట్టంగా, పదునైన అంచుతో చెక్కడం కుదరదు. చట్రాలకు గ్రానైటే కావాల్సి వచ్చింది.

కప్పు: నాలుగు వైపులా వాలు, ఎర్ర పెంకు. చూరు కొంచెం ముందుకు పొడుచుకొచ్చి గోడను వాననుంచి కాపాడుతుంది. గోడకు పలకలు అంటించాక ఈ చూరు విలువ ఇంకా పెరిగింది. ఎందుకో పలకల రిపేరు గురించిన జవాబులో ఉంది.

భవనం కాకుండా స్టేషను ఆవరణలో ఇంకేముంటాయి?

పల్లె స్టేషను అంటే నిజానికి చిన్న సరుకుల రేవు. గూడ్స్ షెడ్డు విడిగా ఉంటుంది. దాని నేల వ్యాగను నేలకు సమానమైన ఎత్తులో ఉంటుంది, పీపాను ఎత్తకుండా దొర్లించి ఎక్కించడానికి. పక్కనే కప్పు లేని రాతి అరుగు. మరుగుదొడ్లు ప్రధాన భవనానికి దూరంగా చిన్న గదిలో. ఆవిరి ఇంజన్లకు నీళ్ళ ట్యాంకు, నీళ్ళు పట్టే స్తంభం. సైడింగు పట్టాలు. ప్లాట్‌ఫారం మీది గడియారాన్ని కూడా చూడండి. పోర్చుగల్ స్టేషన్లలో చాలాచోట్ల ప్యారిస్‌కు చెందిన పాల్ గార్నియే తయారీ గడియారాలు కనిపిస్తాయి.

వైను ఇప్పుడు ట్యాంకరు లారీల్లో రోడ్డు మీద పోతోంది. అందుకే షెడ్లు, అరుగులు పనిలేక నిలబడి ఉంటాయి, ఫొటోల్లోకి రావు. ఈ స్టేషను ఎందుకు పుట్టిందో చెప్పే సాక్ష్యం మాత్రం వాటి దగ్గరే ఉంది. దయచేసి వాటినీ ఒక చుట్టు చుట్టి రండి.

నీలి పలకలు భవనంతో పాటే పెట్టినవా?

కాదు. అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది ఇక్కడే. భవనం రైలు వచ్చిన కాలానిది, పలకలు 1937 నాటివి. అంటే రైలు వచ్చిన 57 ఏళ్ళ తర్వాత. మొత్తం 24 చిత్రాలు. అవైరు పట్టణంలోని అలెలూయా కర్మాగారంలో తయారయ్యాయి. గీసినవారి పేరు జె. ఒలివైరా.

గోడను దగ్గరగా చూస్తే ఇది మీకే తెలుస్తుంది. భవనంతో పాటు అనుకున్న అలంకారమైతే తలుపులు, కిటికీలు బొమ్మకు అనువుగా అమర్చి ఉండేవి. ఇక్కడ అలా కాదు. రెండు తలుపుల మధ్య ఎంత ఖాళీ మిగిలితే బొమ్మ అంతే. పలకల మీద గీసిన అలంకారపు అంచు గ్రానైటు చట్రం పక్కకొచ్చి ఆగిపోతుంది. ముందు గోడ ఉంది, తర్వాత దానికి సరిపడా బొమ్మ కొలిచి తెచ్చారు.

1937లోనే ఎందుకు పెట్టారు?

అప్పుడు పోర్చుగల్‌లో సలజార్ నియంతృత్వం. పల్లె, పంట, కష్టజీవి, సంప్రదాయం – దేశమంటే ఇదే అని చెప్పుకునే రాజకీయం అది. 1933లో ప్రభుత్వం ప్రచారానికి ప్రత్యేక కార్యాలయం పెట్టింది. రైల్వే స్టేషన్లు ఊళ్ళకు వాకిళ్ళు కాబట్టి వాటిని ముస్తాబు చేయడం కూడా ఆ పనిలో భాగమైంది. 1940లలో పూల స్టేషన్ల పోటీలు పెట్టారు. సిబ్బంది పూలకుండీలతో, తోటలతో స్టేషన్లను సింగారించి బహుమతులు అందుకునేవారు.

అందుకే ఈ చిత్రాల్లో మనుషులంతా హుషారుగా, శుభ్రంగా, వరసగా పనిచేస్తూ కనిపిస్తారు. ఆకలి కనిపించదు, కూలి గొడవలు కనిపించవు. బొమ్మలు అందమైనవే. పనితనం గొప్పదే. కానీ అవి లోయ బతుకుకు తీసిన ఫొటోలు కావు, లోయ ఎలా కనపడాలని కొందరు కోరుకున్నారో ఆ రూపం. ఈ సంగతి తెలిసి చూస్తే బొమ్మల విలువ తగ్గదు. ఇంకా ఎక్కువసేపు చూడబుద్ధవుతుంది.

ఆ బొమ్మల్లో ఏం చూడాలి?

రెండు రకాలున్నాయి: దౌరు లోయ దృశ్యాలు, ద్రాక్ష కోత పనులు. కోత బొమ్మల్లో పని వరస వెతకండి. ఆడవాళ్ళు గుత్తులు కోసి చిన్న బుట్టల్లో వేస్తారు. వాటిని పెద్ద అల్లిక బుట్టల్లోకి ఒంపితే మగవాళ్ళు వీపున మోస్తూ వరసగా దిగుతారు. తలకు చుట్టిన పట్టీ మీద కూడా బరువు పడుతుంది. మన దగ్గర తలమీద గంప పెట్టుకునే అలవాటుతో పోల్చి చూడండి. నిటారు వాలులో మెట్లు దిగుతున్నప్పుడు బరువు తలమీద ఉంటే ముందుకు తూలుతారు, వీపు మీదైతే కొండవైపు ఆనుతుంది.

నది బొమ్మల్లో మరొకటి గమనించాలి. ఆ నీళ్ళు ఇప్పటి నీళ్ళు కావు. 1970లలో రేగ్వా దగ్గర, వలైరా దగ్గర ఆనకట్టలు కట్టాక దౌరు నది చెరువుల దండలా నిలిచిపోయింది. 1937 బొమ్మల్లోది అంతకుముందటి నది. ప్లాట్‌ఫారం మీద బొమ్మ చూసి, తర్వాత ఒడ్డుకు నడిచి అసలు నదిని చూస్తే, ఆనకట్టలు తెచ్చిన మార్పు ఏ పుస్తకం అవసరం లేకుండా అర్థమవుతుంది.

ఇంకొక్కటి. ఏదైనా ఒక బొమ్మకు అరచెయ్యంత దూరంలో నిలబడి నీడ ఉన్న చోటు చూడండి. నలుపు ఎక్కడా లేదు. అదే నీలాన్ని నీళ్ళలో పలచన చేసి ఒకటి, రెండు, మూడు పూతలుగా వేశారు. కొండ దూరమయ్యేకొద్దీ నీలం పలచబడి పలక తెలుపులో కలిసిపోతుంది. కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ రంగు గుమికూడిందో కూడా కనిపిస్తుంది.

ఇలాంటి పలకల చిత్రం ఎలా తయారవుతుంది?

పలక ఒక్కో వైపు సుమారు 14 సెం.మీ. అంటే చదరపు మీటరుకు దాదాపు 51 పలకలు. ఉదాహరణకు అడ్డంగా 12, నిలువుగా 8 పలకలున్న చిత్రం అనుకుంటే 96 పలకలు, వెడల్పు 1.68 మీటర్లు, ఎత్తు 1.12 మీటర్లు. పని ఈ వరసలో సాగుతుంది.

1. బంకమన్ను పలకల్ని ఆరబెట్టి, ఆవంలో సుమారు 1000 డిగ్రీల వేడిలో మొదటిసారి కాలుస్తారు. వచ్చేది మన పూలకుండీలాంటి, నీళ్ళు పీల్చే పలక.

2. తగరం కలిసిన గాజుపూత ద్రావణంలో ఒక ముఖం ముంచుతారు. తగరం వల్లే పూత పారదర్శకంగా కాక తెల్లగా, కింది మన్ను కనపడకుండా అవుతుంది. ఆరాక ముఖం మీద పౌడరులాంటి పొర మిగులుతుంది. వేలు తగిలితే రాలిపోతుంది.

3. పలకలన్నీ వాలుబల్ల మీద వరసగా పేరుస్తారు. కాగితం మీద బొమ్మ గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, దాన్ని పలకల మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దుతారు. మన ఇళ్ళలో చిల్లుల అచ్చు మీద ముగ్గు జల్లినట్టే. చుక్కల బాట పడుతుంది. కాల్చినప్పుడు బొగ్గు కాలిపోతుంది కాబట్టి తుడవక్కర్లేదు.

4. కోబాల్టు ఆక్సైడు రంగుతో గీస్తారు. అసలు చేతనైనతనం తెలిసేది ఈ దశలోనే. పొడిపొర తడిని ఒక్కసారిగా పీల్చేస్తుంది. పెట్టిన గీత పెట్టినట్టే. చెరపడానికి లేదు. చేయి ఆగితే మచ్చ పడుతుంది.

5. ప్రతి పలక వెనక వరస అక్షరం, సంఖ్య రాస్తారు. రెండోసారి కాలుస్తారు. పూత కరిగి రంగును తనలో కలుపుకుని గాజవుతుంది.

6. గోడకు అతికించేటప్పుడు కింది వరసనుంచి మొదలుపెడతారు. పలకను ముందు నీళ్ళలో నానబెట్టాలి. లేకపోతే సున్నపు మాలులోని తడిని పలకే తాగేసి, మాలు గట్టిపడకుండా పొడిపొడిగా మిగులుతుంది. కొన్నేళ్ళకు తట్టితే డొల్ల చప్పుడు వచ్చే పలకల్లో చాలావాటి తప్పు ఇక్కడే జరుగుతుంది.

నీలం, తెలుపు మాత్రమే ఎందుకు?

రెండు కారణాలు. కోబాల్టు ఆవం వేడికి తట్టుకుని రంగు మారకుండా నిలుస్తుంది, పలచన చేసినా నమ్మకంగా పలుకుతుంది. రెండోది అభిరుచి. 17వ శతాబ్దం చివర చైనా పింగాణీ, హాలెండు నీలి పలకల మోజు పోర్చుగల్‌ను పట్టుకుంది. 20వ శతాబ్దంలో ‘మనదైన కళ’ అంటూ మళ్ళీ ఆ నీలాన్నే తెచ్చారు.

పలకలు పాడయ్యేది దేనివల్ల? ఎలా బాగుచేస్తారు?

పలక ముందు ముఖం గాజు, వెనక నీళ్ళు పీల్చే మన్ను. గోడలోకి చేరిన చెమ్మ బయటికి రావాలంటే పలకల మధ్య సందులు, పూత మీది వెంట్రుకంత పగుళ్ళు తప్ప దారి లేదు. నీళ్ళు ఆరిపోతాయి, నీళ్ళతో వచ్చిన ఉప్పు మిగులుతుంది. ఉప్పు పలుకులు పూత కిందే పెరిగి దాన్ని పైకి నెడతాయి. నీలి బొమ్మ మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తే అవి మురికి కాదు, పూత ఊడి బయటపడ్డ మన్ను. మన ఇళ్ళలో గోడ ఉప్పు పట్టి సున్నం పొరలు రాలినట్టే, కాకపోతే ఇక్కడ రాలేది బొమ్మ.

నీళ్ళు వచ్చే దారులు తరచూ ఇవే: చూరు గొట్టం పగలడం, పెంకు జారడం, నేలనుంచి పైకి పాకే చెమ్మ, ప్లాట్‌ఫారం ఎత్తు పెంచినప్పుడు కింది వరస పలకలు నేలకు అంటుకుపోవడం. ఇవి కాక సామాన్ల బండ్లు గుద్దడం, బోర్డులకోసం డ్రిల్లు వేయడం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది తొందరపడి చేసిన సిమెంటు రిపేరు. సిమెంటు చెమ్మను బయటికి వదలదు, తనలోని లవణాలను పలకకు ఇస్తుంది, పలక కంటే గట్టిగా ఉంటుంది. తర్వాత తీయాల్సి వస్తే సిమెంటు ఊడదు, పలకే విరుగుతుంది.

సరైన వరస ఇది. ముందు నీళ్ళ దారి మూయాలి. అది చేయకుండా పలక ముట్టుకోకూడదు. తర్వాత ప్రతి పలకకు సంఖ్య ఇచ్చి, ఫొటో తీసి, పటం గీయాలి. వేలితో తట్టి డొల్లవి గుర్తించాలి. గట్టిగా ఉన్నదాన్ని కదపకుండా గోడమీదే ఉంచి బాగుచేయాలి. ఊడదీసినవాటి వెనకున్న మాలు గీకి, లవణాలు లేని నీళ్ళలో నానబెట్టి, నీళ్ళలోకి ఉప్పు దిగడం ఆగేదాకా నీళ్ళు మారుస్తూ ఉండాలి. దీనికి వారాలు పట్టొచ్చు. మళ్ళీ అతికించడానికి సున్నం, ఇసుక మాలు, మామూలుగా ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక.

మార్చిన పలకను ఎలా గుర్తుపట్టాలి?

పక్కనుంచి ఏటవాలుగా చూడండి. పాత పలకల ముఖం కొంచెం ఎగుడుదిగుడుగా వెలుగును విరుస్తుంది. కొత్తది అద్దంలా చదునుగా కనిపిస్తుంది. తెలుపులో తేడా కూడా చూడండి. పాత తగరపు పూతలో కాస్త పాలరంగో బూడిదరంగో ఉంటుంది. గీత ఒక పలకనుంచి పక్కదానికి వెళ్ళేటప్పుడు వెంట్రుకవాసి జరిగితే, ఆ పలక తర్వాత వచ్చిందో, తప్పుగా తిప్పి పెట్టిందో అయ్యుంటుంది.

పాత పలకలు బజార్లో అమ్ముతుంటారు. కొనొచ్చా?

ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని పాత పలకను కొనకండి. ఖాళీ ఇళ్ళ, మూతపడ్డ భవనాల గోడలనుంచి పలకలు ఊడదీసి అమ్మే దొంగతనం పోర్చుగల్‌లో చాలాకాలంగా ఉంది. దాన్ని అడ్డుకోవడానికి అక్కడి నేరపరిశోధన పోలీసుల మ్యూజియం 2007లో ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. 2017లో వచ్చిన చట్టం పలకల ముఖభాగాలను కూల్చడాన్ని, తొలగించడాన్ని కట్టడి చేసింది. జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే ఇప్పుడు చేతితో గీసి అమ్మేవారి దగ్గర కొత్త పలక కొనండి. పెద్ద చిత్రంలోంచి ఒక్క పలక పోతే ఎవరి ముఖమో, బుట్టో, పడవ ముక్కో శాశ్వతంగా పోయినట్టే.

పోర్టోలోని సావ్ బెంతు స్టేషను చూశాం. ఇక్కడ కొత్తగా ఏముంది?

సావ్ బెంతు హాల్లో సుమారు 20,000 పలకలున్నాయి, జార్జ్ కొలాసు గీసినవి. యుద్ధాలు, రాజులు, జాతి చరిత్ర అక్కడి విషయం. అది నగరం తన గొప్ప చెప్పుకునే హాలు, తలెత్తి చూడాలి. పిన్యావ్ బొమ్మలు కంటి ఎత్తున, బెంచీ పక్కన ఉంటాయి. ఊరి పని ఊరివాళ్ళకే చూపిస్తాయి. రెండూ ఒకే రోజు చూడగలిగితే సావ్ బెంతు ముందు చూడండి. వరస తిరగేసి చూస్తే చిన్నదాన్ని పెద్దదానితో కొలిచే పొరపాటు జరుగుతుంది.

పోర్చుగల్ వెళ్ళలేం. ఇండియాలో ఇలాంటివి చూడగలమా?

గోవాలో చూడొచ్చు. పణజీలోని మెనెజెస్ బ్రగాంజా సంస్థ భవనం ప్రవేశ హాల్లో నీలి పలకల చిత్రాలున్నాయి. అవి 1935 నాటివి, గీసింది సావ్ బెంతు గోడలు గీసిన ఆ జార్జ్ కొలాసే. పిన్యావ్ పలకలకంటే రెండేళ్ళు ముందువి. పోర్చుగీసు మహాకావ్యంలోని ఘట్టాలు వాటి విషయం. గుంతకల్లు మీదుగా వాస్కోకు వెళ్ళే రైలెక్కితే, కాసిల్ రాక్ దాటి ఘాట్ దిగే దారి కూడా పోర్చుగీసు కాలంలో వేసిన లైనే. అప్పట్లో మీటరుగేజి.

పోర్టో నుంచి ఎలా వెళ్ళాలి?

సావ్ బెంతు నుంచి గానీ, కంపన్యా స్టేషను నుంచి గానీ దౌరు లైను బండి ఎక్కాలి. ప్రయాణం దాదాపు రెండున్నర గంటలు. కొన్ని బండ్లు రేగ్వాలోనే ఆగిపోతాయి, పుసీన్యు వెళ్ళేదో కాదో చూసి ఎక్కండి. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. లైను నది ఉత్తరపు ఒడ్డున తూర్పుకు పోతుంది కాబట్టి నీళ్ళు కుడివైపే. మొదటి గంటలో నది కనపడదు, కంగారు పడొద్దు. కరెంటు తీగలు మార్కు ద కనవేజెస్ వరకే ఉన్నాయి. ఆపైన డీజిలు బండే. తిరుగు బండి సమయం ముందే రాసుకోండి. రోజుకు కొన్నే ఉంటాయి. ఒకటి తప్పితే గంటల తరబడి ఆగాలి.

వేసవిలోనూ శరదృతువు మొదట్లోనూ రేగ్వా, తువాల మధ్య ఆవిరిబండి నడుస్తుంది. 1925లో జర్మనీలో హెన్షెల్ సంస్థ కట్టిన 0186 ఇంజను దానికి పెద్దదిక్కు. అది పిన్యావ్‌లో ఆగుతుంది. ఆ కాసేపు ప్లాట్‌ఫారం కిటకిటలాడుతుంది. పలకలు తీరిగ్గా చూడాలనుకుంటే ఆ సమయం వదిలేయండి.

ఎంతసేపు కేటాయించాలి? ఫొటోలు ఎలా తీయాలి?

స్టేషనుకు గంట చాలు, గూడ్స్ షెడ్డు, నది ఒడ్డు కలిపితే రెండు. ప్లాట్‌ఫారం వైపు బొమ్మలు చూసి ఆగిపోకుండా ఊరివైపు గోడ కూడా చూడండి. ఫ్లాష్ వాడితే పూత మీద తెల్ల మచ్చ పడుతుంది. మబ్బు పట్టిన వెలుగులో, కొంచెం పక్కకు జరిగి తీస్తే నీలం నిజంగా వస్తుంది. పట్టాల మీదికి దిగకండి, ఇది బండ్లు నడిచే స్టేషను. పలకల మీద వీపు ఆనించి కూర్చోకండి, సంచులు ఆనించకండి.

లైను చివరి వరకు వెళ్ళొచ్చా?

పుసీన్యు వరకే. స్పెయిన్ వైపు లైను 1985 మొదట్లో ఆగిపోయింది. 1988 అక్టోబరులో పుసీన్యు, బార్కా దాల్వాల మధ్య బండ్లు కూడా ఆపేశారు. తువా మీటరుగేజి లైను కింది భాగం కొత్త ఆనకట్ట నీళ్ళలో మునిగింది. పిన్యావ్‌లో దిగి స్టేషను చూశాక సమయముంటే తర్వాతి బండిలో పుసీన్యు దాకా వెళ్ళిరండి. తువా దాటాక ఫెర్రదోజా వంతెన మీద లైను నది దాటి దక్షిణపు ఒడ్డుకు మారుతుంది, అక్కడినుంచి నది ఎడమవైపు. రోడ్డు చేరని చోట్ల కూడా రైలు నీళ్ళ అంచునే పోతుంది. పుసీన్యు దాటాక పట్టాలు తుప్పుపట్టి, పొదల్లో కూరుకుపోయి ఉంటాయి.